నీటి జాడ పట్టిన రోజలిండ్

మా అక్క కూతురు ఇంజినీరింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు నాకొక బొమ్మ చూపించి, ఇదేమిటో చెప్పు పిన్నీ అని అడిగింది. నలుపు, బూడిద రంగు చారల మధ్య అక్కడక్కడా చిన్న చిన్న మచ్చలు. ఎవరిదో ఎముకల ఎక్స్‌రే అనుకున్నాను. కాదట. ఫ్యూయల్ సెల్‌కి తీసిన ఎక్స్‌రే అట. ఆ మచ్చలేమో నీటి బొట్లట!

యంత్రానికి ఎక్స్‌రే ఏమిటే అని నవ్వాను. అది ఓపిగ్గా విడమరిచి చెప్పాక నవ్వు ఆగిపోయింది.

ఫ్యూయల్ సెల్ అంటే హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే పెట్టె. 2023లో ఢిల్లీలో హైడ్రోజన్ బస్సులు రోడ్డెక్కినప్పుడు మీరూ పేపర్లో చదివే ఉంటారు. ఒకవైపు నుంచి హైడ్రోజన్ వస్తుంది, రెండోవైపు నుంచి గాలి వస్తుంది, మధ్యలో పల్చటి పొర ఉంటుంది. మంట లేదు, పొగ లేదు. కరెంటు పుట్టాక మిగిలేది నీరే.

చిక్కంతా ఆ నీటితోనే! మధ్యలో ఉన్న పొర ఎప్పుడూ తడిగా ఉండాలి. ఎండితే పని చెయ్యదు. అలాగని నీళ్ళు ఎక్కువైతే, పొరకి ఆనుకుని ఉండే కార్బన్ కాగితం సందులు మూసుకుపోయి గాలి లోపలికి వెళ్ళదు. ఇడ్లీ రేకుల మీద వేసే గుడ్డ సంగతి మనకు తెలుసు కదా. పొడిగా ఉంటే ఇడ్లీ అంటుకుపోతుంది, నీళ్ళు ఓడుతుంటే అడుగు చిత్తడవుతుంది. ఇదీ అంతే.

మరి గట్టి పలకల మధ్య బిగించేసిన పెట్టెలో నీరు ఎక్కడుందో చూసేదెలా? అందుకే ఎక్స్‌రే. స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం నుంచి వచ్చే బలమైన ఎక్స్‌రేలతో, సెల్ పనిచేస్తూ ఉండగానే ఫొటోలు తీస్తారు. ఆసుపత్రిలో సీటీ స్కాన్ చేసినట్టే అన్ని కోణాల్లోంచీ తీసి, వాటన్నిటినీ కూర్చుకుని, ఏ సందులో ఏ బొట్టు ఇరుక్కుందో కనిపెడతారు. ఆ సందులు మిల్లీమీటరులో వందో వంతు, అంతకన్నా సన్నం కూడా.

కార్బన్, కంటికి కనపడని సందులు, వాటిలో నీరు, చూడ్డానికి ఎక్స్‌రే... ఈ నాలుగూ ఒకేచోట వినేసరికి నాకొకావిడ గుర్తొచ్చింది. ఆవిడ ఫ్యూయల్ సెల్ జోలికి పోలేదు. 1958లోనే కన్నుమూసింది. కానీ ఆవిడ జీవితమంతా ఈ నాలుగింటి చుట్టూనే తిరిగింది. పేరు రోజలిండ్ ఫ్రాంక్లిన్.

డీఎన్‌ఏ ఫొటో తీసినా నోబెల్ దక్కని ఆవిడే కదా అంటారా? నేనూ ఎన్నో ఏళ్ళు అంతే చెప్పాను. తెలిసిన ఆడపిల్లలకల్లా ఆ అన్యాయం కథ చెప్పి, చూశారా అని నిట్టూర్చేదాన్ని. తర్వాత ఆవిడ గురించి వివరంగా చదివాక నేను చెప్పింది సగం కథేనని తెలిసి సిగ్గేసింది. మిగిలిన సగం ఇవాళ మీతో చెప్పుకోవాలని ఉంది.

లండన్ పిల్ల

రోజలిండ్ 1920 జూలై 25న లండన్‌లో పుట్టింది. కలిగిన యూదు కుటుంబం, బ్యాంకు వ్యాపారం. అయిదుగురు పిల్లల్లో ఈమె రెండోది. తండ్రి ఎల్లిస్ పగలు బ్యాంకు పని చూసుకుని, సాయంత్రాలు కార్మికుల కోసం నడిచే కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. హిట్లర్ బారి నుంచి తప్పించుకుని వచ్చిన యూదులకు ఆ ఇంటివాళ్ళు చేతనైనంత సాయం చేశారు.

ఆమె చదివిన సెయింట్ పాల్స్ బాలికల పాఠశాలలో ఆడపిల్లలకు ఫిజిక్సూ కెమిస్ట్రీ చెప్పేవారు. ఆ రోజుల్లో లండన్‌లో కూడా అది అరుదే. అక్కడి నుంచి 1938లో కేంబ్రిడ్జిలోని న్యూన్‌హామ్ కాలేజీకి వెళ్ళింది. 1941లో చదువు పూర్తయింది. పూర్తయిందన్న మాటే గానీ, ఆడవాళ్ళు మగవాళ్ళతో సమానంగా అవే పరీక్షలు రాసినా 1948 దాకా కేంబ్రిడ్జి వాళ్ళకు పూర్తి డిగ్రీ హక్కులు ఇవ్వలేదు!

బొగ్గులో జల్లెడ

అది యుద్ధకాలం. 1942లో రోజలిండ్ బొగ్గు మీద పరిశోధన చేసే సంస్థలో చేరింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, చేతినిండా మసి. బాంబులు పడే రాత్రుల్లో వీధి కాపలా వార్డెన్‌గా కూడా పనిచేసింది.

బొగ్గులో చూడ్డానికేముంది అనిపిస్తుంది. కొత్త కుండలో నీళ్ళు పోస్తే కాసేపటికి బయటంతా చెమ్మగిల్లుతుంది కదా. కుండకి కంటికి కనపడని చిల్లులున్నాయని మనకు అప్పుడు తెలుస్తుంది. బొగ్గుకీ అలాంటి చిల్లులున్నాయి. అవి ఎంత సన్నం, వాటిలోకి ఏది దూరుతుంది, ఏది దూరదు అన్నది రోజలిండ్ కొలిచింది. హీలియం వాయువు అణువులు చాలా చిన్నవి, సన్నటి సందులోకైనా వెళతాయి. కాస్త పెద్ద అణువులున్న ద్రవాలు కొన్ని సందుల దగ్గరే ఆగిపోతాయి. ఈ రెంటికీ తేడా చూస్తే సందు కొలత బయటపడుతుంది. బొగ్గు ఒక జల్లెడలా పనిచేస్తుందనీ, వేడి చేస్తే ఆ జల్లెడ కళ్ళు మారిపోతాయనీ ఆమె తేల్చింది. ఈ పని మీదే 1945లో డాక్టరేట్ వచ్చింది.

ఫ్యూయల్ సెల్ కార్బన్ కాగితంలో ఏ సందులోంచి గాలి వెళుతుంది, ఏ సందులో నీరు ఇరుక్కుంటుంది అని ఇప్పటివాళ్ళు వెతుకుతున్నారంటే, నాకు రోజలిండ్ బొగ్గు ముక్కలే కళ్ళ ముందు మెదిలాయి.

పారిస్‌లో నేర్చిన విద్య

1947లో ఒక ఫ్రెంచి స్నేహితురాలి సాయంతో పారిస్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో ఉద్యోగం దొరికింది. అక్కడ జాక్ మేరింగ్ అనే శాస్త్రజ్ఞుడి దగ్గర ఎక్స్‌రే విద్య నేర్చుకుంది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఆసుపత్రిలో తీసే ఎక్స్‌రే ఒక నీడ. ఎముక అడ్డొచ్చినచోట ఒక రంగు, లేనిచోట ఇంకో రంగు. ఫ్యూయల్ సెల్‌లో నీటి బొట్లు చూపించేదీ అలాంటి నీడే. రోజలిండ్ నేర్చుకున్నది వేరే రకం. రాత్రిపూట గొడుగు గుడ్డలోంచి దూరంగా ఉన్న వీధి దీపాన్ని చూడండి. ఒక్క దీపం చుట్టూ వరసగా చుక్కలు పేర్చినట్టు వెలుగు కనిపిస్తుంది. గుడ్డ నేత మారితే ఆ చుక్కల ముగ్గూ మారుతుంది. అంటే ముగ్గు చూసి నేత చెప్పొచ్చన్నమాట. ఎక్స్‌రేలు కూడా పదార్థంలోని అణువుల వరసల గుండా వెళ్ళి ఫిల్ము మీద ఇలాగే ముగ్గు వేస్తాయి. ఆ ముగ్గు చదివి లోపలి నేత చెప్పడం ఆమె విద్య. ముగ్గు స్పష్టంగా ఉంటే చదవడం కాస్త తేలిక. బొగ్గులాంటి వాటిలో అది చెరిగిపోయినట్టు, అలుక్కుపోయినట్టు ఉంటుంది. అలాంటివాటిని చదవడంలో రోజలిండ్ ఆరితేరింది.

రకరకాల కార్బన్లను 3000 డిగ్రీల దాకా వేడిచేసి చూసింది. కొన్ని మన పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటులా పొరలు పొరలుగా మారాయి. కొన్ని మాత్రం ఎంత కాల్చినా గట్టిగా, సందులతో అలాగే ఉండిపోయాయి. ఎందుకలా అన్నది వివరిస్తూ 1951లో ఆమె రాసిన వ్యాసం కార్బన్ శాస్త్రానికి పునాదిరాయి అయింది. బ్యాటరీల్లో వాడే కార్బన్ గురించి చదివేవాళ్ళు ఈనాటికీ ఆ వ్యాసం దగ్గరికి వెళ్ళాల్సిందే.

పారిస్‌లో ఉన్న నాలుగేళ్ళూ ఆమె హాయిగా గడిపింది. ఫ్రెంచి ధారాళంగా మాట్లాడేది. తానే వండి స్నేహితులకు పెట్టేది. సెలవులొస్తే కొండలెక్కేది. ఈమెను ఎప్పుడూ ముఖం ముడుచుకుని ఉండే మనిషిగా చూపించిన వాళ్ళు పారిస్ స్నేహితుల్ని అడిగి ఉంటే బాగుండేది!

అప్పడం మెత్తబడినట్టు

1951 జనవరిలో లండన్ కింగ్స్ కాలేజీకి వచ్చింది. అక్కడే తగువు మొదలైంది. డీఎన్‌ఏ ఎక్స్‌రే పని నీదేనని విభాగాధిపతి రాండల్ ఆమెకు ఉత్తరం రాశాడు. అప్పటికే ఆ పని చేస్తున్న మారిస్ విల్కిన్స్‌కి ఆ సంగతి చెప్పలేదు. ఆయనేమో తనకు సహాయకురాలు వస్తోందనుకున్నాడు. ఈమేమో తన పనిలోకి ఆయన చొరబడుతున్నాడనుకుంది. మధ్యలో ఉన్నవాడు ఒక్క మాట సరిగ్గా చెప్పి ఉంటే ఎంత మనస్పర్థ తప్పేదో! దానికితోడు కాలేజీలో మగవాళ్ళకు మాత్రమే అనే కామన్ రూమ్ ఒకటి. పని గురించి పిచ్చాపాటీ నడిచే చోట ఈమెకు చోటు లేదు.

అయినా పని ఆగలేదు. జిగురులాంటి డీఎన్‌ఏలోంచి వెంట్రుక కన్నా సన్నటి పోగులు లాగి, వాటికి ఎక్స్‌రే ఫొటోలు తీయాలి. రేమండ్ గోస్లింగ్ అనే విద్యార్థి ఆమెకు తోడు. అంతకుముందు తీసిన ఫొటోల్లో ముగ్గులు కలగాపులగంగా వచ్చేవి. ఎందుకు?

వానాకాలంలో డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే అప్పడాలు మెత్తబడతాయి. ఆ అప్పడమే ఈ అప్పడం, కానీ గుణం మారిపోతుంది. డీఎన్‌ఏ పోగు కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎంత పీల్చుకుంటే దాన్నిబట్టి రూపం మారుతుంది. రోజలిండ్ బొగ్గు దగ్గర నేర్చుకున్న ఓపికంతా ఇక్కడ పెట్టింది. హైడ్రోజన్ వాయువును రకరకాల ఉప్పు ద్రావణాల గుండా పంపి, కెమెరా లోపల తేమ తనకు కావలసినంతే ఉండేట్టు చేసింది. తేమ 75 శాతం ఉన్నప్పుడు పోగు ఒక రూపంలో ఉంది. 92 శాతం దాటేసరికి నీళ్ళు తాగి సాగి ఇంకో రూపంలోకి మారింది. మొదటిదానికి ఎ అనీ, రెండోదానికి బి అనీ పేర్లు పెట్టింది. కలిసిపోయిన రెండు ముగ్గులు విడిపోయాయి.

ఇంకో గొప్ప సంగతి కూడా ఆమె ఆ నీటి వల్లే పట్టింది. నీరు ఇంత సులువుగా లోపలికీ బయటికీ వెళుతోందంటే, నీటిని ఇష్టపడే ఫాస్ఫేట్లు పోగు పైభాగంలోనే ఉండాలి!

1951 నవంబరులో ఈ ఫలితాలన్నీ ఒక సమావేశంలో చెప్పింది. వినడానికి కేంబ్రిడ్జి నుంచి జేమ్స్ వాట్సన్ వచ్చాడు. నోట్సు రాసుకోలేదు. తిరిగి వెళ్ళి ఫ్రాన్సిస్ క్రిక్‌తో కలిసి మూడు పేటల డీఎన్‌ఏ నమూనా కట్టాడు. ఫాస్ఫేట్లు మధ్యలో పెట్టారు. నీటి లెక్క తప్పుగా గుర్తుండిపోయింది. చూడ్డానికి పిలిస్తే రోజలిండ్ వెళ్ళి, ఇందులో నీళ్ళెక్కడున్నాయని నిలదీసింది. ఉండాల్సిన నీటిలో చాలా కొద్ది భాగమే ఆ నమూనాలో పడుతుంది. నమూనా అక్కడికక్కడే కుప్పకూలింది. ఇక డీఎన్‌ఏ జోలికి పోవద్దని వాళ్ళ పెద్దాయన ఆ ఇద్దరికీ చెప్పాల్సి వచ్చింది. ఫొటో కథ చెప్పే చాలామంది ఈ నీళ్ళ కథ చెప్పరు. నేనూ చెప్పలేదు.

ఆ ఒక్క ఫొటో

1952 మే నెలలో బి రూపానికి తీసిన 51వ నంబరు ఫొటో వచ్చింది. అరవై గంటలకు పైగా ఎక్స్‌రే పెడితే వచ్చిన బొమ్మ. మధ్యలో కత్తెర గుర్తులా నల్లటి చుక్కలు. మెలికలు తిరిగిన ఆకారమని తెలిసినవాళ్ళు చూడగానే చెబుతారు. రోజలిండ్ దాన్ని పక్కన పెట్టి, వివరాలు ఎక్కువగా దొరికే ఎ రూపం లెక్కలు పట్టుకుంది. ఎ రూపం అసలు మెలికేనా అని నెలల తరబడి అనుమానపడింది కూడా. అక్కడ ఆమెకు ఆలస్యమైంది, దాచనక్కర్లేదు.

1953 జనవరి చివర, ఆమె కాలేజీ వదిలి వెళ్ళబోతున్న రోజుల్లో, ఆ ఫొటోని విల్కిన్స్ వాట్సన్‌కి చూపించాడు. ఆమెను అడగలేదు. తర్వాత ఆమె కొలతలున్న ఒక నివేదిక కూడా కేంబ్రిడ్జిలో క్రిక్ చేతికి వచ్చింది. అప్పుడూ ఆమెను అడగలేదు. ఫిబ్రవరి 24 నాటికి ఆమె నోటుపుస్తకంలో రెండు పేటల మెలిక అని రాసుకుని ఉంది. రెండు మెట్లు ఎక్కితే చాలు. అంతలో కేంబ్రిడ్జి వాళ్ళ నమూనా తయారైపోయింది. ఫాస్ఫేట్లు బయటే ఉన్నాయి, ఆమె మొదట్నుంచీ చెప్పినట్టే!

1953 ఏప్రిల్ 25న నేచర్ పత్రికలో మూడు వ్యాసాలు వరసగా వచ్చాయి. వాట్సన్, క్రిక్‌లది మొదటిది. రోజలిండ్, గోస్లింగ్‌లది మూడోది. చూసేవాళ్ళకి అది వంతపాటలా కనిపించింది. 1962లో వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు నోబెల్ వచ్చింది. అప్పటికి ఆమె పోయి నాలుగేళ్ళు. పోయినవాళ్ళకు నోబెల్ ఇవ్వరు. 1968లో వాట్సన్ తన పుస్తకంలో ఆమె బట్టల గురించీ, పెదవులకు రంగు వేసుకోకపోవడం గురించీ వెటకారంగా రాశాడు. జవాబు చెప్పడానికి మనిషి లేదు. 1975లో స్నేహితురాలు యాన్ సేయర్ ఒక పుస్తకం రాసి ఆమె తరఫున నిలబడింది.

2023లో ఇద్దరు పరిశోధకులు పాత కాగితాలు తిరగేసి నేచర్ పత్రికలో ఇంకోమాట చెప్పారు. చేతిలో ఉన్న ఫొటో విలువ తెలుసుకోలేని అమాయకురాలిగా ఆమెను చూపించడం కూడా అన్యాయమేననీ, డీఎన్‌ఏ గుట్టు విప్పిన నలుగురిలో ఆమె సమానురాలనీ. చదివి నేను కాసేపు అలా కూర్చుండిపోయాను. జాలిపడుతూ కూడా మనం మనిషిని చిన్నది చేయగలం మరి.

తన ఇల్లు తాను కట్టుకున్నట్టు

1953 మార్చిలో ఆమె లండన్‌లోనే బిర్క్‌బెక్ కాలేజీకి మారింది. ఆఫీసు గది పై అంతస్తులో, ఎక్స్‌రే సామాను నేలమాళిగలో. రోజంతా మెట్లెక్కడం, దిగడం. అక్కడే తన సొంత బృందాన్ని తయారుచేసుకుంది. పొగాకు ఆకుల్ని మచ్చలు మచ్చలుగా పాడుచేసే వైరస్ లోపలి కట్టడాన్ని ఎక్స్‌రేతో విప్పింది. అది లోపల బోలుగా ఉండే గొట్టమనీ, దాని జన్యు పదార్థం ప్రోటీన్ గోడలో ఇమిడి ఉంటుందనీ చూపించింది. డబ్బిచ్చే సంస్థలతో పోట్లాడి, చివరికి అమెరికా నుంచి నిధులు సంపాదించి మరీ బృందాన్ని నిలబెట్టింది.

1956లో అమెరికా వెళ్ళినప్పుడు పొట్ట ఉబ్బి, స్కర్టులు పట్టడం మానేశాయి. లండన్ వచ్చి చూపించుకుంటే అండాశయ క్యాన్సరని తేలింది. పొట్ట ఉబ్బరం రోజుల తరబడి తగ్గకపోతే గ్యాసేలే అని ఊరుకోకండి, డాక్టరుకి చూపించుకోండి. ఇది ఆమె కథ చదివిన ప్రతిసారీ నాకు అనిపించే మాట.

ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు విశ్రాంతికి వెళ్ళింది ఎక్కడికనుకుంటున్నారు? క్రిక్ దంపతుల ఇంటికి! వాళ్ళతో స్నేహం అలా ఉంది. కోలుకున్నట్టనిపించగానే మళ్ళీ పనిలో పడింది. ఆ జబ్బుతోనే పోలియో వైరస్ పని కూడా మొదలుపెట్టింది. 1958 ఏప్రిల్ 16న కన్నుమూసింది. వయసు 37. బ్రస్సెల్స్ ప్రపంచ ప్రదర్శన కోసం ఆమె తయారుచేయించిన వైరస్ నమూనా అప్పటికే అక్కడికి చేరింది. ఆ ప్రదర్శన మర్నాడే మొదలైంది.

తన వీలునామాలో సహచరుడు ఆరన్ క్లూగ్‌కి కొంత డబ్బు రాసిపెట్టింది. ఇద్దరూ కలిసి మొదలుపెట్టిన దారిలోనే నడిచిన క్లూగ్‌కి 1982లో నోబెల్ వచ్చింది. ఆమె సమాధి రాయి మీద వైరస్‌ల పరిశోధన ప్రస్తావన ఉంది. డీఎన్‌ఏ మాట లేదు.

ఈ కథంతా విన్నాక మా అక్క కూతురు మళ్ళీ తన బొమ్మ తీసింది. ఒక మచ్చ మీద వేలు పెట్టి, ఇది నిజంగా నీళ్ళేనా లేక కార్బన్ పోగు నీడా అని తనకే అనుమానంగా ఉందని చెప్పింది. పొడిగా ఉన్నప్పుడు తీసిన బొమ్మ ఒకటి, తడిసాక తీసిన బొమ్మ ఒకటి పక్కపక్కన పెట్టి చూస్తే గానీ తేలదట. అలాగే చూడమన్నాను. పొడిదీ తడిదీ విడదీసి చూడటమే కదా ఆవిడ చేసింది!

ఈసారి మీ ఇంట్లో ఆడపిల్లలకు రోజలిండ్ కథ చెప్పేటప్పుడు ఆ ఫొటోతో మొదలుపెట్టకండి. బొగ్గుతో మొదలుపెట్టండి. ఫొటో దగ్గరికి వచ్చేసరికి, అది ఎవరు తీయగలిగారో, ఎందుకు తీయగలిగారో వాళ్ళకే అర్థమవుతుంది.